వరద ప్రాంతపు పీహెచ్‌సీలో మానసిక వైద్యాన్ని కలిపి నడపడం ఎలా

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత నది అంత ఎత్తున పారడం అదే. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరంలోనూ, దాని చుట్టుపక్కల వి.ఆర్.పురం, చింతూరు, ఎటపాక మండలాల్లోనూ ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనం గుట్టల మీద టార్పాలిన్ పట్టాల కింద, బడుల్లో, పునరావాస కేంద్రాల్లో తలదాచుకున్నారు. ఇలాంటి చోటికి వైద్య శిబిరం వెళ్లేటప్పుడు జ్వరాలకు, విరేచనాలకు, మలేరియాకు, పాముకాటుకు కావలసినవన్నీ పెట్టెల్లో సర్దుకుంటారు. మానసిక బాధలకు మాత్రం వేరే బృందం ఎప్పుడో వస్తుందిలే అని వదిలేస్తారు. ఆ బృందం రావడమే ఆలస్యం. వచ్చినా రెండు రోజులుండి వెళ్లిపోతుంది.

వేరే బృందం కోసం ఎదురుచూడకుండా, ఉన్న ఓపీలోనే, ఉన్న డాక్టరు, స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతోనే మానసిక వైద్యాన్ని ఎలా నడపవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలు గోదావరి-శబరి ముంపు మండలాలవే అయినా, తుపాను తాకిన తీరప్రాంతానికీ, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తిన విజయవాడ సింగ్‌నగర్ వంటి పట్టణ బస్తీలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

ఓపీలోనే ఎందుకు చేయాలన్న ప్రశ్నకు జవాబు క్యూలోనే ఉంది. "మానసిక వైద్యం" అని బోర్డు కట్టిన గుడారంలోకి ఊరంతా చూస్తుండగా అడుగుపెట్టే మనిషి అరుదు. అదే మనిషి తలపోటనో, గుండెదడ అనో, నీరసమనో, తెల్లబట్ట అవుతోందనో చెప్పుకుని మామూలు ఓపీకి తప్పకుండా వస్తాడు, వస్తుంది. యుద్ధాలు, సాయుధ ఘర్షణలు జరిగిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందనీ, సుమారు ఇరవై మందిలో ఒకరికి అది తీవ్రంగా ఉంటుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది. ఆ లెక్కను వరదలకు యథాతథంగా వర్తింపజేయలేం. కానీ మనుషులను మూడు వర్గాలుగా చూడటం ఇక్కడా పనికొస్తుంది: ఎక్కువమంది కుటుంబం, ఊరు తోడుంటే వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు, కొందరికి చికిత్స కావాలి, అంతకుముందే జబ్బు ఉన్నవాళ్లు అందరికంటే ముందు ప్రమాదంలో పడతారు. ఈ మూడో వర్గం నుంచే పని మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

నీరు రాకముందు చేయవలసింది

గోదావరి వరదకు ఒక వెసులుబాటు ఉంది. భూకంపంలా చెప్పాపెట్టకుండా రాదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. నెలలు నిండిన గర్భిణులను దారులు మునగకముందే ఆసుపత్రులకు తరలించే పద్ధతి ఈ మండలాల్లో ఇప్పటికే నడుస్తోంది. ఏఎన్ఎం దగ్గర గర్భిణుల జాబితా ఉంటుంది కాబట్టే అది సాధ్యమవుతోంది. అదే పుస్తకంలో మరో పేజీ తెరవాలి. ఊళ్లో మూర్ఛకు మందులు వాడేవాళ్లు, తీవ్రమైన మానసిక జబ్బుకు మందులు వాడేవాళ్లు, ఎదుగుదల లోపంతో ఇతరుల మీద ఆధారపడినవాళ్లు, రోజూ ఎక్కువగా తాగేవాళ్లు, గతంలో ఆత్మహత్యాప్రయత్నం చేసినవాళ్లు ఎవరెవరో ఆశా కార్యకర్తకు పేరుపేరునా తెలిసే ఉంటుంది. ఆ పేర్లు జూన్‌లోనే రాసుకోవాలి. ఆ పేజీ ఏఎన్ఎం దగ్గర, మెడికల్ ఆఫీసరు దగ్గర తప్ప మరెవరి చేతిలోనూ ఉండకూడదు.

మొదటి హెచ్చరిక వెలువడిన రోజే మూర్ఛకూ, మానసిక జబ్బుకూ మందులు వాడేవాళ్లకు నెలరోజుల మందు చేతికివ్వాలి. నీళ్లు చొరబడకుండా ముడివేసిన ప్లాస్టిక్ కవరులో మందులతో పాటు మందు పేరు, మోతాదు, చివరిసారి చూసిన డాక్టరు, ఆసుపత్రి వివరాలు రాసిన చీటీ కూడా పెట్టాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, మూర్ఛ మందు ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ వెంటవెంటనే వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. సైకోసిస్ (లేనివి వినిపించే, లేనివి నిజమని నమ్మే తీవ్రమైన మానసిక జబ్బు) మందు ఆగిన మనిషికి కొన్ని వారాల్లో జబ్బు తిరగబెట్టి, కిక్కిరిసిన పునరావాస కేంద్రంలో అందరికీ భయం కలిగించే స్థితి రావచ్చు. ఆ భయంలోంచే కట్టేయడం, కొట్టడం మొదలవుతాయి. ఆత్మహత్యాప్రయత్నం చేసినవాళ్ల విషయంలో మాత్రం నెల మందు వాళ్ల చేతికి కాకుండా ఇంట్లో నమ్మకమైన పెద్దకు ఇవ్వాలి.

ఇంకొక విషయం చెప్పడం కష్టంగా ఉన్నా చెప్పాలి. కొన్ని ఇళ్లలో జబ్బుచేసిన మనిషిని గొలుసుతో కట్టి ఉంచుతారు. ఊరు ఖాళీ చేసే హడావిడిలో ఆ మనిషి కట్టేసిన చోటే ఉండిపోవచ్చు. మానసిక జబ్బు ఉన్న వ్యక్తిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. చట్టం పేరు చెప్పి కుటుంబాన్ని బెదిరించడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు. మందు అందక, దారి తోచక ఆ పని చేసినవాళ్లే వాళ్లలో ఎక్కువమంది. మందు మొదలుపెట్టి, పడవ ఎక్కించే బాధ్యతను పేరుతో సహా ఒకరికి అప్పగించాలి.

మందుల పెట్టె

పెట్టె పెద్దదిగా ఉండనక్కర్లేదు. డిప్రెషన్‌కు ఫ్లూఓక్సెటిన్, సైకోసిస్‌కు రిస్పెరిడోన్ లేదా హాలోపెరిడాల్, వాటివల్ల ఒళ్లు బిగుసుకుంటే ఇవ్వడానికి ట్రైహెక్సిఫెనిడిల్, మూర్ఛకు ఫినోబార్బిటోన్ లేదా కార్బమజెపిన్, వచ్చిన ఫిట్‌ను ఆపడానికీ మద్యం ఆగినప్పటి వణుకుకూ డయజిపామ్, వీటితో పాటు థయామిన్ (విటమిన్ బి1) ఉంటే చాలావరకు సరిపోతుంది. గర్భం దాల్చే వయసులో ఉన్న స్త్రీలకు సోడియం వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టకూడదు. అమిట్రిప్టిలిన్ చవకగా దొరికే మందే అయినా ఎక్కువ మాత్రలు ఒకేసారి మింగితే గుండె ఆగే ప్రమాదం ఉంది కాబట్టి, ఆత్మహత్య ఆలోచన ఉన్న మనిషికి వీలైనంతవరకు ఇవ్వకుండా ఉండటం మంచిది. తప్పనిసరైతే వారానికి మించి ఇవ్వకూడదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నుంచి ఈ మందులకు ఇండెంటు వర్షాకాలానికి ముందే పెట్టాలి, ఎందుకంటే వరదలో వచ్చే అత్యవసర మందుల లారీలో వీటికి చోటు దొరకదు.

మొదటి వారం: చేయకూడనివి ముందు

మొదటి రోజుల్లో దాదాపు అందరికీ నిద్ర ఉండదు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, ఏడుస్తారు, పిల్లలు పక్క తడుపుతారు. ఇది జబ్బు కాదు. ఇల్లు మునిగిన మనిషికి కలిగే సహజమైన బాధ. ఈ దశలో నిద్రమాత్రలు పంచడం ఓపీలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. దుర్ఘటన జరిగిన నెలలోపు వచ్చే ఒత్తిడి లక్షణాలకూ, నిద్రలేమికీ డయజిపామ్, ఆల్ప్రజోలామ్ జాతి మందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే స్పష్టంగా చెప్పింది. అవి అలవాటుగా మారతాయి, కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. అలాగే అందరినీ కూర్చోబెట్టి "ఆ రాత్రి ఏం జరిగిందో ఒక్కొక్కరూ చెప్పండి" అని కథలు చెప్పించడం కూడా సాయం కాదు. దానివల్ల మేలు జరగదని తేలిన తర్వాత ఆ పద్ధతిని పక్కనపెట్టమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పక్క తడిపిన పిల్లవాణ్ని నలుగురిలో తిట్టకుండా చూడమనీ, కొన్ని వారాల్లో తగ్గుతుందనీ తల్లికి ధైర్యం చెబితే చాలు.

చేయవలసింది మానసిక ప్రథమ చికిత్స. దీనికి సైకాలజిస్టు అక్కర్లేదు. చుట్టూ చూసి ఎవరికి ఎక్కువ కష్టంగా ఉందో గమనించడం, చెప్పదలచుకున్నంత మేరకే వినడం, కావలసిన సాయంతో కలపడం అనే మూడు పనులు ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు, డ్వాక్రా సంఘం నాయకురాలు ఎవరైనా నేర్చుకుని చేయగలరు. మూడోదాన్నే మనవాళ్లు ఎక్కువగా మరిచిపోతారు. భర్త వేరే కేంద్రంలో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియని స్త్రీకి ఓదార్పు మాటల కంటే ఫోన్ చేయించడం ముఖ్యం. నష్టపరిహారం జాబితాలో పేరు లేదని కుమిలిపోతున్న రైతుకు వీఆర్వో ఎక్కడ కూర్చున్నాడో చూపించి, వెంట ఒకరిని పంపడమే వైద్యం. 2007లో ఐక్యరాజ్య సమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి రూపొందించిన అంతర్-సంస్థల మార్గదర్శకాలు మానసిక సహాయాన్ని నాలుగంచెల పిరమిడ్‌గా చూపించి, అన్నిటికంటే వెడల్పైన అడుగు అంచెలో తిండి, నీరు, భద్రతలను గౌరవంగా అందించడాన్ని పెట్టాయి. స్త్రీలకు రాత్రిపూట దీపం ఉన్న మరుగుదొడ్డి కావాలని తహసీల్దారును అడగడం కూడా మెడికల్ ఆఫీసరు పనే.

నిద్రమాత్రల నియమానికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. రోజూ కల్లో, సారానో, బ్రాందీనో తాగే మనిషికి దారులు మునగడం వల్ల ఒక్కసారిగా మద్యం దొరకదు. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు గాలి సోకిందనో, వరద చూసి పిచ్చెక్కిందనో అనుకుంటారు. ఇది ప్రాణాంతకమైన వైద్య అత్యవసరం. ఇక్కడ డయజిపామ్ తప్పనిసరిగా ఇవ్వాలి, థయామిన్ మొదలుపెట్టాలి, గ్లూకోజ్ ఎక్కించవలసి వస్తే దానికంటే ముందే థయామిన్ ఇవ్వాలి. మతి తప్పి మాట్లాడుతున్నా, ఫిట్ వచ్చినా పెద్దాసుపత్రికి తరలించాలి. అందుకే శిబిరానికి వచ్చిన ప్రతి మగమనిషినీ, అవసరమైతే స్త్రీనీ, "రోజూ తాగే అలవాటుందా, ఆఖరిసారి ఎప్పుడు తాగారు" అని నిలదీసినట్టు కాకుండా మామూలుగా అడగడం అలవాటు చేసుకోవాలి.

ఓపీలో సంభాషణ

వరద తగ్గి మూడు వారాలైంది. నలభై ఏళ్లు దాటిన ఒకామె బల్ల ముందు కూర్చుంది. ఇలాంటి సంభాషణ ఆ రోజుల్లో ఏ ఓపీలోనైనా వినిపిస్తుంది.

"తలపోటండీ. ఒళ్లంతా నొప్పులు. తిన్నది ఒంటబట్టట్లేదు."

"ఎన్నాళ్లనుంచమ్మా?"

"నీళ్లొచ్చిన కాడ్నుంచీ."

"నిద్ర పడుతోందా?"

"ఎక్కడ పడద్దండీ. కళ్లు మూస్తే నీళ్ల చప్పుడే."

"వంటా, ఇంటిపనీ చేసుకోగలుగుతున్నారా?"

"కోడలే చేస్తంది. నాకు దేనిమీదా మనసు పోట్లేదండీ."

చాలా ఓపీల్లో మొదటి జవాబు దగ్గరే పారాసెటమాల్, బీకాంప్లెక్స్ రాసి పంపేస్తారు. తర్వాతి మూడు ప్రశ్నలకు పట్టేది రెండు నిమిషాలు. ముందు బీపీ, రక్తహీనత, జ్వరం, థైరాయిడ్ లక్షణాలు చూడాలి, ఎందుకంటే శరీర జబ్బు ఉండగా దాన్ని మనసు ఖాతాలో వేయడం కూడా అంతే తప్పు. అవేవీ లేనప్పుడు, దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు పైగా రోజంతా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, నీరసం, తనను తాను నిందించుకోవడం వంటివి కలిసి, రోజువారీ పనులు ఆగిపోతే డిప్రెషన్‌గా గుర్తించాలి. పనులు చేసుకోగలుగుతూ బాధపడుతున్న మనిషికి డిప్రెషన్ ముద్ర వేయకూడదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న వాళ్ల దుఃఖానికైతే మాత్ర అసలే అక్కర్లేదు. కర్మకాండ జరుపుకునే వీలు కల్పించడం, శవం దొరకని కుటుంబానికి ఆ తంతు ఎలా చేయాలో ఊరి పెద్దలతో మాట్లాడి తోవ చూపించడం మాత్రల కంటే ఎక్కువ పనిచేస్తాయి.

డిప్రెషన్ అని తేలినప్పుడు మొదట చెప్పవలసిన మాట "మీకేం లేదు, ధైర్యంగా ఉండండి" అని కాదు. నొప్పి నిజమైనదేనని ఒప్పుకోవాలి. "మీ ఒంట్లో నొప్పి నిజమేనమ్మా. మనసు మీద భారం పడినప్పుడు ఒళ్లు కూడా అలాగే నొప్పిపెడుతుంది. ఇది తగ్గే జబ్బే" అని చెప్పాలి. తర్వాత ఆమెకు కొంతైనా ఇష్టమున్న ఒక చిన్న పనిని, కోళ్లకు గింజలు వేయడమో, పక్కింటావిడతో కూర్చుని ఆకులు కుట్టడమో, రోజూ చేసేలా ఒప్పందం కుదుర్చుకోవాలి. అవకాశముంటే శిక్షణ పొందిన కార్యకర్త చేత, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చిన ఐదు సిటింగుల సమస్యా నిర్వహణ పద్ధతిని నడిపించాలి. మందు అవసరమనిపిస్తే, గతంలో ఉన్మాద దశ (నిద్ర లేకుండా, పట్టపగ్గాల్లేని హుషారుతో ఉండే మేనియా) ఎప్పుడైనా వచ్చిందా అని అడిగి, లేదని నిర్ధారించుకున్నాకే ఫ్లూఓక్సెటిన్ వారంపాటు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20 మిల్లీగ్రాములు ఉదయంపూట ఇవ్వాలి. నాలుగు నుంచి ఆరు వారాల దాకా గుణం తెలియదనీ, తగ్గిన తర్వాత కూడా తొమ్మిది నుంచి పన్నెండు నెలలు వాడాలనీ మొదటిరోజే చెప్పకపోతే రెండో స్ట్రిప్పు కోసం ఎవరూ రారు.

కోయ మాట్లాడే పల్లెల్లో తెలుగు అర్థమైనా మనసులో మాట తెలుగులో రాదు. కోయ తెలిసిన ఆశా కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకోవాలి. భర్తనో, బడికెళ్లే కొడుకునో దుబాసీగా పెట్టి ఆడమనిషిని ఇలాంటి ప్రశ్నలు అడగకూడదు. బడి గది మూలలో చీరో, టార్పాలినో అడ్డం కట్టినా చాలు, మాట బయటికి పోకుండా ఉంటుంది.

ఆత్మహత్య గురించి అడగడం

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనన్న భయం వైద్యసిబ్బందిలో కూడా ఉంది. అది నిజం కాదు. అడిగితే గుండె బరువు దించుకునే వీలు దొరుకుతుంది. "ఇంత కష్టంలో ఉన్నప్పుడు కొంతమందికి ఎందుకు బతకాలి అనిపిస్తుందమ్మా. మీకెప్పుడైనా అలా అనిపించిందా?" అని మొదలుపెట్టి, అవునంటే "ఏం చేసుకోవాలనుకున్నారు? అది మీ ఇంట్లో ఉందా?" అని సూటిగా అడగాలి. మన పల్లెల్లో ఆ రెండో ప్రశ్నకు జవాబు ఎక్కువగా పురుగుమందే. ఆ డబ్బాను అదేరోజు ఇంట్లోంచి తీయించడం, మనిషిని ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లు వంతులవారీగా ఉండేలా చూడటం, వారంలోపు మళ్లీ చూడటం, ప్రయత్నం చేసి ఉన్నా, వెంటనే చేసుకునేలా ఉన్నా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపడం మన పని. ఆత్మహత్యాప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, విచారించి శిక్షించకూడదనీ 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. పోలీసు కేసు భయంతో నిజం దాచే కుటుంబానికి ఈ మాట చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా రాసివ్వాలి. రాత్రీపగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ అందని గుట్టల మీద మాత్రం దాని మీదే ఆధారపడకూడదు.

శిక్షణ కంటే పర్యవేక్షణ

1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత బాధితుల క్లినిక్‌లలో పనిచేసే మామూలు డాక్టర్లకే మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చారు. అంటే ఈ ఆలోచన మన దేశానికి కొత్త కాదు. ఇప్పుడైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐరాస శరణార్థుల సంస్థ కలిసి 2015లో విడుదల చేసిన, విపత్తు ప్రాంతాల వైద్యుల కోసమే రాసిన చేతిపుస్తకం ఉంది. మోతాదుల దగ్గరనుంచి అన్నీ అందులో ఉన్నాయి. నాలుగైదు రోజులు కూర్చోబెట్టి రోగి పాత్ర, డాక్టరు పాత్ర వేయించి నేర్పితే మెడికల్ ఆఫీసర్లు బాగానే నేర్చుకుంటారు.

అయితే ఒక్క శిక్షణతో ఆగిపోతే రెండు నెలల్లో ఓపీ మళ్లీ బీకాంప్లెక్స్ దగ్గరికే వెళ్లిపోతుంది. ఉన్న డబ్బు శిక్షణకో పర్యవేక్షణకో ఏదో ఒకదానికే సరిపోతే, శిక్షణ రోజులు తగ్గించి పర్యవేక్షణకు పెట్టమంటాను. జిల్లా సైకియాట్రిస్టు వారానికి ఒకరోజు, ముందే చెప్పిన ఒకే సమయంలో, పీహెచ్‌సీ డాక్టర్లతో ఫోన్‌లో ఆ వారం చూసిన కష్టమైన కేసుల గురించి మాట్లాడాలి. నెలకోసారి వచ్చి డాక్టరు పక్కన ఓపీలో కూర్చోవాలి. ఆ గంటలోనే మందు మోతాదు ఎక్కడ తక్కువైందో, ఏ దుఃఖాన్ని డిప్రెషన్‌గా రాశారో బయటపడుతుంది. సిబ్బంది బాధ కూడా ఆ ఫోన్‌లోనే చెప్పుకునే చోటుండాలి. ఏఎన్ఎం ఇల్లు కూడా ఆ నీళ్లలోనే మునిగి ఉంటుందని పై అధికారులు తరచూ మరిచిపోతారు; ఆమెకు వంతులవారీ సెలవు ఇవ్వడం దయ కాదు, ప్రణాళికలో రాయవలసిన అంశం.

రిజిస్టరూ, అప్పగింతా

ఓపీ రిజిస్టరులో మానసిక సమస్యలన్నిటికీ కలిపి "ఇతరములు" అని రాస్తే ఎంతమంది వచ్చారో, ఏ మందు ఎంత కావాలో ఎప్పటికీ తెలియదు. ఏడు గడులు చాలు: మూర్ఛ, మద్యం మత్తుపదార్థాలు, ఎదుగుదల లోపం, సైకోసిస్, తీవ్రమైన దిగులు లేదా భయం, ఇతర మానసిక బాధలు, కారణం దొరకని ఒంటినొప్పులు. శరణార్థి శిబిరాల ఆరోగ్య రిజిస్టర్లలో చాలాకాలం వాడిన విభజన ఇదే. పేరున్న రిజిస్టరు తాళం వేసిన బీరువాలో ఉండాలి, పైకి పంపే నివేదికలో అంకెలే ఉండాలి.

ఎటపాక, కూనవరం మనుషులకు దగ్గరి పెద్దాసుపత్రి భద్రాచలంలో ఉంది, అది తెలంగాణ. ఈ మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి కాబట్టి, రోగి ఒక రాష్ట్రంలో మందు మొదలుపెట్టి మరో రాష్ట్రపు పీహెచ్‌సీలో కొనసాగించవలసి వస్తుంది. ఏ కంప్యూటరు వ్యవస్థా దీన్ని పట్టుకోదు. రోగి చేతిలో ఉండే కార్డు మీద మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, మళ్లీ రావలసిన తేదీ స్పష్టంగా రాయడమే నమ్మదగిన మార్గం. స్వచ్ఛంద సంస్థ నడిపిన శిబిరమైతే ఎత్తేసే తేదీకి కనీసం నెలముందే, మందు వాడుతున్న ప్రతి రోగినీ పీహెచ్‌సీకి ఒకసారి వెంటబెట్టుకెళ్లి అక్కడి డాక్టరుకూ, ఏఎన్ఎంకూ పరిచయం చేయాలి. మిగిలిన మందుల స్టాకును రసీదుతో అప్పగించాలి. రెండోసారి పీహెచ్‌సీకి తనంతట తాను రాని రోగి ఇంటికి ఆశా కార్యకర్త వారంలోపు వెళ్లేలా, ఆ పేర్లు ఆమె పుస్తకంలో శిబిరం ఉండగానే రాయించాలి.